స్కీ తోక పట్టుకునే మనిషి

అహో క్రీక్, ఎగువ మిషిగన్
నవంబరు 6

స్కీ అంచులకు పదును పెట్టే యంత్రాలు చేసే ఓస్ట్రెం కంపెనీ వారికి, అహో క్రీక్ నుంచి ఐలీ కంగస్ రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదట రాయాలి కదా. అందరం అంటే ప్రస్తుతానికి నేనొక్కదాన్నే. క్షేమమే, మోకాలు తప్ప.

మీ యంత్రం బొమ్మ ఉన్న కాగితం ఒకటి మా బడి స్కీ జట్టు కోచ్ ట్రెంబత్ తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. చూడ్డానికి జుట్టు ఆరబెట్టుకునే మిషనులా ఉంది. స్కీ పక్కనుండే ఉక్కు అంచు మీద దీన్ని నడిపిస్తే, లోపల తిరిగే రాయి నాలుగు నిమిషాల్లో పదును పెట్టేస్తుందని రాశారు. నాకు తెలియవలసింది ఒక్కటే. దీన్ని ఇంటి వాడకానికి కొనడం దండగా, కాదా?

మొన్నటిదాకా మా ఇంట్లో ఆ పని మా అబ్బాయి రెయినో చేసేవాడు. ఆకురాయి, వాడి చెయ్యి, అంతే. యంత్రాన్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. శనివారం పందెం అంటే శుక్రవారం మా షెడ్డు నిండా స్కీలే. జట్టులో పద్దెనిమిది మంది పిల్లలు, పద్దెనిమిది జతలు. మధ్యాహ్నమే మొదలుపెట్టేవాడు. ఆరింటికి నేను కాఫీ, యాలకుల రొట్టె పట్టుకుని కిందికి దిగి, బోర్లించిన బకెట్టు మీద కూచుని స్కీ తోక, అంటే వెనక కొస, కదలకుండా పట్టుకునేదాన్ని. "నువ్వు పట్టుకోకపోతే ఈ పని సాగదమ్మా" అనేవాడు. పదకొండేళ్ళు పట్టుకున్నాను.

ఇప్పుడు వాడు చెయ్యడం లేదు. ట్రెంబత్ ఏమంటాడంటే, "ఐలీ, కొత్త సంవత్సరం దాకా చూస్తాను. అప్పటికి నువ్వు పదును సంగతి తేల్చకపోతే బల్ల, స్కీని బిగించే వైసులు అన్నీ బడికి పట్టుకుపోతాం. నీకూ శ్రమ తప్పుతుంది." మంచివాడే, నా మంచికే అంటున్నాడు. కాని బల్ల వెళ్ళిపోతే శుక్రవారం పూట నేను ఏం చెయ్యాలో నాకు తెలియదు.

అందుకే అడుగుతున్నాను. ఏ కోణంలో రాయాలో ఆ రాయికి ఎలా తెలుస్తుంది? అంచుని తినేస్తుందా? చేత్తో పెట్టిన పదును మీద యంత్రం నడిపితే ఆ పాత పదును మొత్తం పోతుందా, కాస్తయినా మిగులుతుందా? ఈ ఆఖరిది ముఖ్యం.

నా చదువు ఎనిమిదో తరగతి, వయసు డెబ్బై ఒకటి. ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో వండాను. ఉత్తరంలో తప్పులుంటే ఉప్పు తక్కువైందనుకుని సర్దుకోండి.

ఇట్లు,
ఐలీ కంగస్

తా.క. మా షెడ్డులో ఒక పాత ఫ్రీజరుంది. ఏటా నవంబరు మొదటి శుక్రవారం కుయ్యోమని ఏడుపు మొదలుపెట్టేది. మరమ్మతు మనిషిని మూడుసార్లు పిలిపించాను, రోగమేమీ లేదన్నాడు. ఈ ఏడు మొదటి శుక్రవారం వచ్చి పోయింది, అది కిక్కురుమనలేదు. మీరు మోటార్ల వాళ్ళు కదా, తెలిస్తే చెప్పండి. ఉచితంగా.


ఓస్ట్రెం అంచు పనిముట్ల కంపెనీ
వినియోగదారుల ఉత్తరాల విభాగం, డులూత్
నవంబరు 13

శ్రీమతి ఐలీ కంగస్ గారికి,

తమరి ఉత్తరం అందినది. మా యంత్రంపై ఆసక్తి చూపినందుకు కృతజ్ఞులము.

కోణం యంత్రానికి తెలియదు, వాడేవారే బిగించి పెట్టవలెను. అంచును కొద్దిగా తినును. ఆకురాయి సైతం తినును. కొత్త పదును పెట్టడం అంటేనే పాతదాన్ని తీసివేయడం గనుక పాత పదును మిగలదు.

తమరి కుమారుడు పని మానివేసినట్లు గ్రహించాము. చేతి నొప్పి కావచ్చును. ఏళ్ళ తరబడి ఆకురాయి పట్టినవారికి ఇది మామూలే. యంత్రం ఎంపికలో అనుభవజ్ఞుల అభిప్రాయం ముఖ్యం గనుక, జతపరచిన ఫారం ఆయన చేత నింపించి పంపగలరు.

ఒక సాంకేతిక సూచన. తమరి వద్ద వైసులు ఉన్నట్లు రాశారు. వైసులో బిగించిన స్కీ కదలదు. దాని తోకను మనిషి పట్టుకొనవలసిన అవసరం లేదు.

మరొక విషయం. మా నిబంధనల ప్రకారం 'ఇంటి వాడకం' అనగా కుటుంబ సభ్యుల స్కీలకు మాత్రమే. వారానికి పద్దెనిమిది జతలు అనగా దుకాణం. దుకాణాలకు ఇంటి హామీ వర్తించదు.

భవదీయుడు,
క్లిఫర్డ్ న్యూబర్గ్

తా.క. ఫ్రీజర్లు మా విభాగం పరిధిలోకి రావు.


అహో క్రీక్
నవంబరు 19

న్యూబర్గ్ గారికి ఐలీ కంగస్ రాయునది,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు కళ్ళజోడుతో, ఒకసారి కోపంతో.

పట్టుకోవలసిన అవసరం లేదా? మరి పదకొండేళ్ళు ఆ బకెట్టు మీద కూచుని నేను చేసిందేమిటండీ? వైసులో బిగించినా తోక అదురుతుంది. మా వాడే చెప్పాడు. మీరు ఎన్ని స్కీలకు పదును పెట్టారో నాకు తెలియదు, వాడు వేలల్లో పెట్టాడు. ఒక శుక్రవారం జలుబు చేసి నేను కిందికి దిగలేదు. ఆ మర్నాడు పందెంలో పిల్లలు రెండో మలుపు దగ్గరే జారిపడ్డారని వాడే వచ్చి చెప్పాడు. "నీ చెయ్యి పడకనేనమ్మా" అన్నాడు. దీనికేమంటారు?

ఇక దుకాణం సంగతి. నేను నా ఇంట్లో ఉంటాను. షెడ్డు నా ఇంటికి అంటుకుని ఉంది. అందులో చేస్తే ఇంటి వాడకం కాక ఇంకేమవుతుంది? కుటుంబ సభ్యులే అయి ఉండాలన్నారు. ఈ పద్దెనిమిది మందీ, వీళ్ళ అమ్మానాన్నలూ బళ్ళో నేను మాంసం, దుంపలు కూరి కాల్చిన పేస్టీలు తిని పెరిగారు. ఎవరికి ఉల్లిపాయ పడదో, ఎవరు ముల్లంగి ముక్కలు ఏరి జేబులో దాచుకుంటారో కన్నవాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. కాబట్టి అందరూ కుటుంబమే అని రాసుకోండి. పేర్లు ఈ కాగితం వెనక రాశాను.

ఫారం తిప్పి పంపుతున్నాను. మా వాడు నింపడు.

కోపం అక్కడితో అయిపోయింది. ఇప్పుడు మామూలుగా అడుగుతున్నాను. ఆ రాయి తిరిగేటప్పుడు నిప్పురవ్వలు లేస్తాయా? స్కీ పదునూ కత్తి పదునూ ఒకటేనా, వేరా? పదకొండేళ్ళు ఊళ్ళో కబుర్లన్నీ వాడికి చెప్పాను గాని, ఒరే, నువ్వు చేస్తున్నదేమిట్రా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

ఇట్లు,
ఐలీ కంగస్

తా.క. బల్ల కింద ఒక రేకు డబ్బా ఉంది. మూత మీద మా వాడి రాతతో 'బతికున్న వానపాములు, తెరవొద్దు' అని ఉంది. చేపలకి ఎర. ఈపాటికి వాటి గతి ఏమైందో. నాకు వానపాములంటే చచ్చే భయం. ట్రెంబత్‌కి అంతకంటే భయం. బల్ల ఇంకా నా ఇంట్లోనే ఉందంటే సగం వాటి పుణ్యమే.


ఓస్ట్రెం అంచు పనిముట్ల కంపెనీ
నవంబరు 25

శ్రీమతి కంగస్ గారికి,

కుటుంబ సభ్యుల జాబితా అందినది. పద్దెనిమిది మందికి పదిహేను ఇంటిపేర్లు ఉన్నవి. తమరితో వారి బంధుత్వం తెలిపే పత్రాలు పంపగలరు.

నిప్పురవ్వలు లేచును. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కత్తి పదును కోయడానికి, స్కీ పదును పట్టుకోవడానికి. గాజులా గట్టిపడిన మంచు మీద మలుపు తిరిగేటప్పుడు మనిషిని జారిపోనివ్వకుండా పట్టి ఉంచేది ఆ సన్నటి అంచు మాత్రమే.

తమరి కుమారుడు ఫారం నింపననుట మాకు ఆశ్చర్యం కలిగించలేదు. చేతిపనివారు యంత్రం పేరెత్తగానే అలుగుతారు. దీనికి ఒక ఉపాయమున్నది. 'యంత్రాన్ని నమ్మనివారితో నాలుగు మాటలు' అను మా చిన్న పుస్తకం జతపరిచాము. దానిని భోజనాల బల్ల మీద ఆయన కూర్చునే చోట ఉంచండి. ఏమీ చెప్పకండి. వారం తిరక్కుండా ఆయనే నోరు తెరిచి అడుగుతారు. అప్పటికీ మొండికేస్తే మాకు ఫోను చేయమనండి.

భవదీయుడు,
క్లిఫర్డ్ న్యూబర్గ్

తా.క. వానపాములు కూడా మా పరిధిలోకి రావు. అయితే చల్లటి చోట తడిమట్టిలో అవి కొన్ని నెలలు బతుకుతాయని మా నాన్నగారు అనేవారు. ఇది కంపెనీ అభిప్రాయం కాదు.


అహో క్రీక్
డిసెంబరు 3

క్లిఫర్డ్ బాబుకి ఐలీ కంగస్ రాయునది,

నువ్వు చెప్పినట్టే పుస్తకాన్ని రెయినో కుర్చీ ఎదురుగా పెట్టాను. ఏమీ చెప్పలేదు. వాడూ ఏమీ అడగలేదు.

బాబూ, మా వాడు అక్టోబరు పదకొండున పోయాడు. పెరట్లో కట్టెలు పేరుస్తూ గుండె ఆగిపోయింది. నలభై ఆరేళ్ళు. వీధుల్లో మంచు తోసే కౌంటీ బండి నడిపేవాడు. వాడు పోయాక మొదటి మంచు పడిన రోజున మా వీధి అన్నిటికంటే ముందు శుభ్రం చేసి వెళ్ళారు వాడి తోటివాళ్ళు. కట్టెలు సగం పేర్చాడు. మిగతా సగం కుప్పగానే ఉన్నాయి.

నీ తప్పేమీ లేదు. మొదటి ఉత్తరంలోనే రాయవలసింది. రాయబోయాను కూడా. 'వాడు చేసేవాడు' దాకా వచ్చి కలం ఆగిపోయింది. ఇక్కడ ఊరందరికీ తెలుసు గనుక నేను నోటితో ఎవరికీ చెప్పవలసిన పని పడలేదు. చెప్పవలసి వచ్చిన మొదటి మనిషివి నువ్వే. ఇంకో మాట కూడా చెబుతాను, తప్పుగా అనుకోకు. నీ ఉత్తరాల్లో వాడు అలుగుతున్నాడు, మొండికేస్తున్నాడు, చెయ్యి నొప్పి అంటున్నాడు. ఈ మూడు వారాలూ అది చదువుకోవడం బాగానే ఉంది. దిద్దబుద్ధి కాలేదు.

వాడి సొంత స్కీలు గోడకి ఆనించి ఉన్నాయి. ఆ అంచుల మీద ఉన్నది వాడి చేతి పనే. పాత పదును మిగులుతుందా అని అందుకే అడిగాను. మిగలదని ఉన్నమాట చెప్పావు, మంచిది. ఇప్పుడింకో సందేహం. బతికినన్నాళ్ళూ చేత్తో చేసినవాడి బల్ల మీద నేను యంత్రం తెచ్చి పెడితే, ఇన్నాళ్ళూ నువ్వు చేసింది వట్టి చాదస్తంరా అని వాడితో అన్నట్టు అవుతుందా? ఇదీ నీ పరిధిలోకి రాదేమో.

ఇట్లు,
ఐలీ

తా.క. బంధుత్వ పత్రాల గురించి ట్రెంబత్‌ని అడిగాను. "ఐలీ, నీ పేస్టీ తిన్నందుకు రశీదు ఏ ఆఫీసులో ఇస్తారు?" అన్నాడు. తెలిస్తే చెప్పు.


డులూత్
డిసెంబరు 9

ఐలీ అమ్మగారికి క్లిఫర్డ్ నమస్కరించి రాయునది,

ఇది కంపెనీ కాగితం కాదని మీరు చూసే ఉంటారు. నా ఉత్తరాల నకళ్ళు తీసి మళ్ళీ చదువుకున్నాను. 'చేతి నొప్పి కావచ్చును' అన్న చోట లేచి వెళ్ళి గోదాములో కాసేపు నిలబడ్డాను. మా విభాగంలో ఉన్నది నేనొక్కడినే. 'మేము గ్రహించాము' అని రాసిన ప్రతిచోటా గ్రహించనిది నేనే. నన్ను క్షమించండి.

మీరు మొదట అడిగిన ప్రశ్నకి ఇప్పుడు ఉన్నమాట చెబుతాను. ఇంట్లో రెండు జతలుండి, ఏడాదికి పది రోజులు కొండెక్కేవాళ్ళకి ఈ యంత్రం దండగ. ఒక ఆకురాయి, కోణం చూపే దిమ్మ, గంటసేపు ఓపిక, అంతకంటే అక్కర్లేదు. పైగా యంత్రం పట్టుకుని పరధ్యానంగా ఒకేచోట ఆగితే అంచు కాలి పాడవుతుంది. ముచ్చటపడి పదిసార్లు నడిపితే స్కీ ఆయుష్షు తరిగిపోతుంది. కాని వారం వారం పద్దెనిమిది జతలు, అవీ మీ వయసు చేతులతో అంటే దండగ కాదు. అప్పుడు కూడా ఆఖరున సన్నరాయితో చేత్తో నాలుగుసార్లు రాయవలసిందే. చేతికి పూర్తిగా సెలవిచ్చే యంత్రం ఇంకా ఎవరూ చెయ్యలేదు.

ఏది కొన్నా కొనకపోయినా ముందు మీ అబ్బాయి ఏ కోణంలో పెట్టేవారో కనుక్కోండి. పిల్లల స్కీ ఒకటి తీసుకుని అంచు పొడుగునా మార్కర్ పెన్నుతో రంగు పుయ్యండి. దిమ్మను 88 డిగ్రీల దగ్గర పెట్టి ఆకురాయితో ఒక్కసారి, గట్టిగా నొక్కకుండా లాగండి. రంగు అంతటా సమంగా పోతే అదే ఆయన కోణం. ఒక పక్కే పోతే కాదు. ఆయన సొంత స్కీలకు రంగు పుయ్యకండి. భూతద్దంతో చూసి, అంచు మీద గీతలు ఎలా ఉన్నాయో నాకు రాయండి. చేతిపని చూసి చాలా కాలమైంది, తెలుసుకోవాలని ఉంది.

తోక విషయంలో తొందరపడి రాశాను. పుస్తకంలో ఉన్నది చెప్పాను. అదురుతుందేమో.

ఇట్లు,
క్లిఫర్డ్

తా.క. నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వెతికాను. కుటుంబం అంటే ఏమిటో అందులో ఎక్కడా రాయలేదు. పద్దెనిమిది మందినీ ఎక్కించేశాను.

మరొక తా.క. ఆ ఫ్రీజరు నా బుర్ర తొలిచేస్తోంది. ఇరవై ఏళ్ళుగా మోటార్ల మధ్య ఉన్నాను, వారం చూసుకుని ఏడ్చే మోటారుని ఎరగను. ఒక్కో ఏడుపు ఎంతసేపు ఉండేది?


అహో క్రీక్
డిసెంబరు 15

క్లిఫర్డ్ బాబుకి ఐలీ రాయునది,

నాయనా, మా వాడిది 88. మార్చిలో ఆఖరి పందెం తర్వాత పదును పెట్టి దాచిన పిల్లల స్కీకి వంకాయ రంగు పూసి చూశాను. ఒక్క లాగుడుకి ముక్కు నుంచి తోక దాకా రంగంతా తుడిచినట్టు పోయింది. ఎక్కడా మచ్చ మిగల్లేదు. చెయ్యి అంటే అదీ. ట్రెంబత్‌కి చూపిస్తే, "మనిషి చెయ్యి ఇంత సమంగా పోతుందా ఐలీ" అని నోరు తెరిచాడు. మా వాడిది పోయేది అన్నాను.

భూతద్దంతో వాడి స్కీలు చూశాను. గీతలు పొడుగునా లేవు. అడ్డంగా చిన్న చిన్న నెలవంకలు, గోటితో నొక్కినట్టు, ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకే కొలత. లెక్కపెట్టబోయి కళ్ళు చెమర్చి ఆపేశాను. అది వాడి గుర్తు అనుకుంటాను. నా రొట్టె మీద నా వేళ్ళ గుర్తు పడదూ, అలాంటిది. మిగతావాళ్ళవి కూడా అలాగే ఉంటాయా, మా వాడికే అలా పడుతుందా?

ఇక ఫ్రీజరు. శుక్రవారం మూడింటికి అందుకునేది. నాలుగు నిమిషాలు ఏడ్చి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నాలుగు నిమిషాలు. అయిదున్నర దాటితే నోరు మూసుకునేది. ఎండాకాలం పలికేదే కాదు. నేను పైన వంటింట్లో పిండి పిసుకుతూ వినేదాన్ని. "దాని సంగతి చూడరా" అంటే, "ముసలిదైపోయిందమ్మా, మూలుగుతోంది" అనేవాడు. వాడు పోయాక దాని గొంతు పడిపోయింది. పక్కింటి సిగ్నె అంది, "వస్తువులకీ తెలుస్తుంది ఐలీ. అది దుఃఖంలో ఉంది." నాకూ నిజమే అనిపించింది. ఇద్దరం వెళ్ళి దాని మూత మీద చేతులు వేసి కాసేపు నిలబడ్డాం. నవ్వకు.

ట్రెంబత్ నిన్న లారీ తెచ్చాడు, ఊరికే కొలతలు చూసుకుందామని. బల్ల కిందికి వంగి, డబ్బా మీద రాత చదివి, కొలతలు ఇంకోసారి చూస్తానని వెళ్ళిపోయాడు. కాని కొత్త సంవత్సరం దగ్గర పడుతోంది. కొనాలా వద్దా, ఒక్క మాటలో చెప్పెయ్యి.

ఇట్లు,
ఐలీ

తా.క. నీకో యాలకుల రొట్టె పంపుతున్నాను. గట్టిపడితే కాఫీలో ముంచుకో. ఇంకా గట్టిపడితే నీ యంత్రం వాడు.


డులూత్
డిసెంబరు 20

ఐలీ అమ్మగారికి క్లిఫర్డ్ రాయునది,

రొట్టె అందింది. యంత్రం అవసరం పడలేదు.

ఆ నెలవంకలు నేను ఎరుగుదును. మిగతా సంగతి చెప్పే హక్కు నాది కాదు. ఇక్కడికి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ నేను దాస్తాను. మీ ఉత్తరం చదివాక పాత పెట్టెలు దించి, మూడు సాయంత్రాలు వెతికాను. ఆరేళ్ళ క్రితం మీ అబ్బాయి మాకు ఒక ఉత్తరం రాశారు. జవాబు రాసింది నేనే, మూడే ముక్కలు. నాకు జ్ఞాపకం కూడా లేదు.

దాన్ని విడిగా అంటించిన కవరులో పెట్టాను. తెరవాలో వద్దో మీ ఇష్టం. అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు. కాని మీరు గొప్పగా చెప్పుకునే సంగతి ఒకటి, తెరిచాక అలాగే ఉండదు. తెరిచేటట్టయితే బకెట్టు మీద కూచుని తెరవండి.

ఇట్లు,
క్లిఫర్డ్

తా.క. ఒక్క మాటలో చెప్పమన్నారు. కొనకండి. ఇది కంపెనీ అభిప్రాయం ఎంతమాత్రం కాదు.


అహో క్రీక్
జనవరి 11

క్లిఫర్డ్ నాయనకి ఐలీ రాయునది,

క్రిస్మస్ పండగ వెళ్ళేదాకా ఆ కవరు చక్కెర డబ్బా వెనక పెట్టాను. పండగ మర్నాడు బకెట్టు మీద కూచుని తెరిచాను. నువ్వు చదివే ఉంటావు గాని, నా చేత్తో ఒకసారి రాసుకోవాలని ఉంది. వాడు ఇలా రాశాడు:

"అయ్యా, వారానికి పద్దెనిమిది జతలు చేత్తో చేస్తున్నాను. పని బరువు కాదు. మా అమ్మ వచ్చి స్కీ తోక పట్టుకుని కబుర్లు చెబుతుంది. పట్టుకుంటే స్కీ కదులుతుంది. చెబుతుంటే నేను వింటాను, వింటే కోణం తప్పుతుంది. పోయిన శనివారం మా పిల్లలు ముగ్గురు జారిపడ్డారు. ఆవిడని రావద్దనలేను. నాన్న పోయాక ఆవిడ మనసిప్పి మాట్లాడేది ఆ బకెట్టు మీదే. కాబట్టి ఆవిడ దిగేలోపు పని మొత్తం అయిపోవాలి. ఆ తర్వాత అరిగిపోయిన ఆకురాయి ఒకటి పట్టుకుని కూచుంటాను. ఇంటి వాడకానికి ఈ యంత్రం కొనవచ్చునా? చప్పుడు పైన వంటింట్లోకి వినిపిస్తుందా? వినిపిస్తే ఆవిడకి ఏం చెప్పాలి?"

ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. జలుబు చేసిన వారం సంగతి గుర్తొచ్చి ట్రెంబత్‌కి ఫోను చేశాను. ఆ వారం పిల్లలు జారిపడ్డారా అని అడిగాను. "ఏ వారం? మూడు పతకాలు తెచ్చుకున్న వారమేనా?" అన్నాడు.

ఆ కోపంలోనే బల్ల కిందికి దూరి వానపాముల డబ్బా లాగాను. కళ్ళు మూసుకుని మూత తీశాను. వాసన రాలేదు. కళ్ళు తెరిచి చూస్తే నేను పారేశాననుకున్న పాత ఏప్రను. దాన్లో చుట్టి పెట్టిన మీ యంత్రం. 88 దగ్గర బిగించి ఉంది. పక్కన ఆకురాయి, వేలితో రాస్తే నున్నగా సబ్బుబిళ్ళలా ఉంది. అడుగున నీ జవాబు కూడా దొరికింది బాబూ. మూడే ముక్కలన్నావు, నిజమే. 'కొనవచ్చును. వినిపించును. చప్పుడు పాత ఫ్రీజరు చప్పుడుకు మించదు.'

అయితే నా ఫ్రీజరుకి రోగం అంటగట్టింది నువ్వన్నమాట.

అక్కడే కూచుని లెక్కేశాను. పని అయిదున్నరకే అయిపోయేది. ఆరేళ్ళు, ప్రతి శుక్రవారం, ఆరు నుంచి ఎనిమిది దాకా వాడు ఆ నున్నటి ఆకురాయితో పదును ఉన్న స్కీనే రాస్తూ కూచున్నాడు. నేను చెప్పినవేమన్నా గొప్ప కబుర్లా? సిగ్నె కోళ్ళు, నా మోకాలు, బళ్ళో ఎవరు సూపు ఒలకబోశారు. ఒక్కోసారి చెప్పిందే చెప్పేదాన్ని. "ఊఁ, తర్వాత?" అనేవాడు.

నువ్వు మొదటే చెప్పావు, స్కీకి నా చెయ్యి అక్కర్లేదని. నీ పుస్తకం తప్పు కాదు నాయనా. నీ మీద కోప్పడ్డాను, ఏమీ అనుకోకు.

ఇక నేను అడిగిన ప్రశ్న. ఇంటి వాడకానికి కొనడం దండగా అన్నాను కదా. మాకు దండగే. ఇంట్లో ఒకటుంది.

నిన్న శుక్రవారం మూడింటికి తలుపు గడియ పెట్టుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. నువ్వు చెప్పినట్టు ఎక్కడా ఆగకుండా నడిపాను. రవ్వలు చాలా బాగున్నాయి. ఇంత బాగుంటాయని వాడు చెప్పనేలేదు. పద్దెనిమిది జతలూ అయ్యాక సన్నరాయి పట్టకముందు భూతద్దం పెట్టి చూశాను. నెలవంకలు. వాడి స్కీల పక్కన పెట్టి చూశాను. ఏవి వాడివో, ఏవి నావో భూతద్దానికి కూడా తెలియలేదు. పాతది మిగలదన్నావే, ఆ ఒక్కటి మాత్రం నీ పుస్తకంలో దిద్దుకో.

ఆరింటికి ట్రెంబత్ స్కీలు తీసుకుపోవడానికి వచ్చేసరికి యంత్రం డబ్బాలో ఉంది, మూత పెట్టి ఉంది. నేను ఆకురాయి పట్టుకుని ఒక స్కీ ముందు కూచున్నాను. అంచులు వేలితో తడిమి చూశాడు. "చేత్తోనే చేశావా ఐలీ?" అన్నాడు. "మా వాడు చేసినట్టే చేశాను" అన్నాను. బల్ల ఊసు మళ్ళీ ఎత్తలేదు. అలా నిలబడే ఉన్నాడు, వెళ్ళడానికి ఎక్కడా తొందర లేనట్టు. కిందటేడు అతని భార్య పోయింది, నీకు రాయలేదు కదూ.

"ఊరికే నిలబడకపోతే ఆ తోక పట్టుకోరాదూ" అన్నాను.

"వైసు ఉందిగా" అన్నాడు.

"ఉన్నా అదురుతుంది. పట్టుకో."

బకెట్టు మీద కూచుని పట్టుకున్నాడు. ఎనిమిదింటి దాకా చెబుతూనే ఉన్నాడు. నేను రాస్తూనే ఉన్నాను. ఊఁ, తర్వాత, అంటూ.

ఇక్కడ అందరం క్షేమం.

ఇట్లు,
ఐలీ కంగస్

తా.క. డబ్బా మీద 'బతికున్న వానపాములు' అన్న అక్షరాలు వెలిసిపోతుంటే మార్కర్ పెన్నుతో మళ్ళీ దిద్దాను. వంకాయ రంగు.

మరొక తా.క. ఇందాక సిగ్నె కంచె దగ్గర ఆపి, "ఐలీ, నిన్న మధ్యాహ్నం మీ ఫ్రీజరు గొంతు విన్నాను. దుఃఖం నుంచి కోలుకున్నట్టుందే" అంది. కోలుకుంటోంది, శుక్రవారం శుక్రవారం కొంచెం కొంచెంగా, అన్నాను.